డాక్టరమ్మతో మాటామంతీ: చాక్లెట్టు దేనికి బదులు?

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే సగానికి సగం చాక్లెట్టు మీదే. రాసినవాళ్లెవరూ చిన్నపిల్లలు కారు. నలభైలూ యాభైలూ దాటినవాళ్లు, షుగరు వచ్చేసినవాళ్లు, వచ్చేలా ఉందని డాక్టరు చెబితే నిద్రపట్టనివాళ్లు. ముప్పై నాలుగేళ్లుగా విజయనగరంలో కోటకి దగ్గర్లో చిన్న క్లినిక్కు పెట్టుకుని కూర్చున్నాను. పెద్దవాళ్లు చాక్లెట్టు గురించి మందు గురించి అడిగినంత శ్రద్ధగా అడగడం ఈ రెండు మూడేళ్లలోనే చూస్తున్నాను. అందుకే ఈసారి మోకాళ్ల నొప్పులూ గ్యాస్ ట్రబులూ పక్కన పెట్టి, ఆరు ఉత్తరాలకీ ఈ ఒక్క సంగతి మీదే జవాబు చెబుతున్నాను. ఊరు పేర్లు మాత్రం ఉంచాను, మనుషుల పేర్లు తీసేశాను.

ప్రశ్న: డాక్టరమ్మగారికి నమస్కారాలు. నాకు 47 ఏళ్లు, హైస్కూల్లో లెక్కల మాస్టారిని. పోయిన వేసవిలో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) 6.1, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో కొవ్వు) 212 వచ్చాయి. నడుం 98 సెంటీమీటర్లు. డార్క్ చాక్లెట్టు తింటే షుగరు వ్యాధి వచ్చే అవకాశం 21 శాతం తగ్గుతుందని అమెరికా పరిశోధనలో తేలిందట. మా అబ్బాయి అది చదివి హైదరాబాదు నుంచి 85 శాతం డార్క్ చాక్లెట్లు పంపిస్తున్నాడు. నాలుగు నెలలుగా రోజూ రాత్రి భోజనం అయ్యాక సగం బారు తింటున్నాను. మొన్న పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ 6.2, బరువు మూడు కిలోలు పెరిగింది. ఎక్కడ పొరపాటు జరిగింది? (ఒక ఉపాధ్యాయుడు, బొబ్బిలి)

జవాబు: మాస్టారూ, ముందుగా మీ అబ్బాయిని ఏమీ అనకండి. వాడు చెప్పిన అంకె నిజమే. 2024 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. హార్వర్డ్ పరిశోధకులు 1,92,000 మందికి పైగా నర్సులు, ఇతర వైద్యరంగ ఉద్యోగుల తిండి వివరాలను కొన్ని దశాబ్దాల పాటు సేకరించి లెక్కగట్టారు. వారంలో కనీసం అయిదుసార్లు డార్క్ చాక్లెట్టు తిన్నవాళ్లలో, ఎప్పుడోగాని తిననివాళ్లతో పోలిస్తే, టైప్ 2 షుగరు 21 శాతం తక్కువ కనిపించింది. మిల్క్ చాక్లెట్టు తిన్నవాళ్లలో అలాంటి తేడా ఏమీ లేదు. పైగా వాళ్ల బరువు ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పెరుగుతూ వచ్చింది.

ఇక మీ పద్దు చూద్దాం. ఆ పరిశోధనలో 'ఒకసారి' అంటే 28 గ్రాములు. వారానికి అయిదుసార్లంటే 140 గ్రాములు. మీరు తింటున్నది రోజుకి సగం బారు, అంటే 50 గ్రాములు. వారానికి 350. వాళ్లు తిన్నదానికి రెండున్నర రెట్లు.

మీ ఉత్తరం చదివాక నేనూ ఒక డార్క్ బారు తెప్పించాను. మా వంటింట్లో పిండి తూచుకునే చిన్న త్రాసు ఉంది. బల్ల మీద పేపరు పరిచి, బారు విరిచి ఒక్కో గడీ తూచాను. పది గడులు, ఒక్కోటి పది గ్రాములు. అగ్గిపెట్టె కంటే చిన్నది, పల్చనిది. ఆ ఒక్క గడిలో దాదాపు అరవై కేలరీలున్నాయి. డార్క్ చాక్లెట్టులో పంచదార తక్కువే, ఆ మాట నిజం. కానీ నూటికి నలభై పాళ్లకు పైగా కొవ్వు ఉంటుంది. అందుకే వంద గ్రాములకి ఆరు వందల కేలరీల దాకా వస్తాయి. సగం బారంటే మూడు వందలు. పళ్లెంలో పావుకిలోకి కాస్త తక్కువ అన్నం పెట్టుకుని తిన్నట్టే. మీరు రాత్రి అన్నం తిన్నాక, పైన ఇంకో అన్నం తింటున్నారు. నెలకి తొమ్మిది వేల కేలరీలు. ఒంటి మీద కిలో కొవ్వు చేరడానికి సుమారు 7,700 చాలు. లెక్క ప్రకారం నాలుగు నెలలకి నాలుగు కిలోలు దాటాలి. మూడే పెరిగారంటే మీకు తెలియకుండానే ఎక్కడో ఒక ముద్ద తగ్గించారన్నమాట.

క్లినిక్కులో చాక్లెట్టు మాట ఎవరెత్తినా నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే. దేనికి బదులు తింటున్నారు? సాయంత్రం తినే మైసూరుపాకుకి బదులు రెండు గడుల డార్క్ చాక్లెట్టు తింటే అది ఒక కథ. అన్నీ యథాతథంగా ఉంచి, దాని మీద చాక్లెట్టు కలిపితే అది వేరే కథ. పరిశోధన అంకెలు చదివి మందులాగా మొదలుపెట్టినవాళ్లంతా ఈ రెండో కథలోనే ఉన్నారు. ఎందుకంటే మందుని ఎవరూ దేనికీ బదులుగా వేసుకోరు, ఉన్నవాటికి అదనంగానే వేసుకుంటారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ 21 శాతం అనేది కలిసి కనిపించిన తేడా. చాక్లెట్టే దానికి కారణమని రుజువైన తేడా కాదు. డార్క్ చాక్లెట్టు ఏరి కోరి తినేవాళ్లు సాధారణంగా కూరలూ పళ్లూ బాగా తింటారు, నడుస్తారు, తమ ఒంటి మీద శ్రద్ధ ఉన్నవాళ్లు. పరిశోధకులు ఆ తేడాలన్నీ లెక్కలో సర్దుతారు గానీ పూర్తిగా సర్దడం ఎవరి తరమూ కాదు. మరి అసలు పరీక్ష ఏదంటే, చీటీ తీసినట్టు సగం మందికి కోకో, సగం మందికి ఉత్త మాత్ర ఇచ్చి చూడడం. అమెరికాలో కాస్మోస్ పేరుతో అదీ చేశారు. అరవై దాటిన 21 వేల మందికి పైగా మనుషుల్లో సగం మందికి రోజూ 500 మిల్లీగ్రాముల ఫ్లేవనాల్స్, అంటే కోకో గింజలోని చేదు పదార్థాలు, మాత్రల రూపంలో మూడున్నరేళ్లకు పైగా ఇచ్చారు. గుండె జబ్బుతో పోయినవాళ్లు 27 శాతం తక్కువ ఉన్నారు. ఇది చిన్న విషయం కాదు, నేనూ ఆసక్తిగా చూస్తున్నాను. అయితే గుండెపోటూ పక్షవాతమూ లాంటివన్నీ కలిపి చూసిన అసలు లెక్కలో తేడా గట్టిగా తేలలేదు. షుగరు వ్యాధి కొత్తగా వచ్చినవాళ్ల సంఖ్యలో తేడా కనబడలేదు. గుర్తుంచుకోండి, అక్కడ ఇచ్చింది మాత్ర. అందులో కొవ్వూ లేదు, పంచదారా లేదు. ఆ పరిశోధనకి చాక్లెట్టు కంపెనీ మార్స్ కూడా డబ్బు సాయం చేసిందని కూడా చెప్పడం నా ధర్మం.

మీ నడుం 98 అన్నారు. మన మగవాళ్లకి 90 దాటితేనే ప్రమాద సూచన. తెల్లవాళ్లకి పెట్టిన కొలత మనకి పనికిరాదు. మన ఒళ్లు సన్నగా కనబడుతూనే పొట్టలోపల కొవ్వు దాచుకుంటుంది. ట్రైగ్లిజరైడ్స్ 150 దాటడం, నడుం దాటడం, షుగరు గీత దాటడం, ఈ మూడూ మీకు ఒకచోట చేరాయి. దీన్నే మెటబాలిక్ సిండ్రోమ్ అంటాం. హెచ్‌బీఏ1సీ 6.1 నుంచి 6.2 అయిందని బెంగపడకండి, అంత తేడా ల్యాబులోనే వస్తుంది. నన్ను కంగారు పెట్టింది ఆ మూడు కిలోలు.

ఏం చెయ్యాలి? చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ గారి బృందం మీలాంటివాళ్ల మీదే, షుగరు గీత దగ్గర నిలబడ్డ మనవాళ్ల మీదే, పరీక్ష చేసి 2006లో ఫలితం ప్రచురించింది. తిండి సవరించుకుని, రోజూ అరగంట నడిచినవాళ్లలో షుగరుగా మారడం 28.5 శాతం తగ్గింది. ఇది చీటీ తీసి చేసిన పరీక్ష. చాక్లెట్టు అంకె కంటే పెద్దది, రుజువైనది, రూపాయి ఖర్చు లేనిది. రాత్రి భోజనం ఎనిమిదింటికల్లా ముగించి, పావుగంట నడవండి. అన్నం ఒక గరిటె తగ్గించి, ఆ జాగాలో కూర పెంచండి. చాక్లెట్టు మానెయ్యమని నేననను. మీ అబ్బాయి ప్రేమతో పంపిస్తున్నాడు కదా. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒకటి రెండు గడులు, వారానికి నాలుగైదు రోజులు, తక్కిన తీపి ఏదీ లేని రోజుల్లో తినండి. బారు ఇంట్లో ఎక్కడుంటుందో మీ ఆవిడకే తెలియాలి. వారానికో బారు లెక్కకి మించి పంపొద్దని అబ్బాయికి రాయండి. మూడు నెలలయ్యాక నడుం కొలిచి, ఆ అంకె నాకు పంపండి.

ప్రశ్న: అమ్మా, మా ఇంటి ముందు గదే మా కిరాణా కొట్టు. పొద్దున్నుంచి రాత్రిదాకా గల్లా దగ్గరే కూర్చుంటాను. ఊసుపోక సీసాల్లో చాక్లెట్లు రెండో మూడో నోట్లో వేసుకుంటాను. నాకు 52 ఏళ్లు. పరగడుపున షుగరు 112 వచ్చింది. చాక్లెట్టు గుండెకి మంచిదని టీవీలో చెప్పారని మా కోడలు అంటోంది. నిజమేనా? (ఒక గృహిణి, పొందూరు)

జవాబు: చెల్లెమ్మా, టీవీలో చెప్పిన చాక్లెట్టు వేరు, నీ సీసాలో ఉన్న చాక్లెట్టు వేరు. మన జిల్లాల్లో కాగితం చుట్టిన తీపి ఏదైనా చాక్లెట్టే. పిప్పరమెంటుబిళ్ల చాక్లెట్టు, నిమ్మకాయ బిళ్ల చాక్లెట్టు, కొబ్బరిబిళ్ల కూడా చాక్లెట్టే. గుంటడు ఏడిస్తే చేతిలో పెట్టేదంతా చాక్లెట్టే. వాటిల్లో చాలావాటిల్లో కోకో రవ్వంత కూడా ఉండదు. డాక్టర్లు మంచిదంటున్న పదార్థాలు కోకో గింజలో ఉండే చేదువి, వాటిని ఫ్లేవనాల్స్ అంటారు. చేదు పోయేకొద్దీ అవీ పోతుంటాయి.

ఈ ఆదివారం మా మనవడు తిన్న చాక్లెట్టు అట్ట నేలమీద పడి ఉంటే కళ్లజోడు పెట్టుకుని చదివాను. వెనకవైపు చీమతలకాయంత అక్షరాలు. 'కావలసిన పదార్థాలు' అన్నచోట మొదటి పేరు పంచదార. అట్ట మీద ఏది ముందు రాస్తే అదే బరువులో ఎక్కువని చట్టం. నువ్వూ నీ కొట్లో సరుకు తీసి చదివి చూడు. పంచదార మొదట ఉంటే అది పంచదార బిళ్లే, కోకో పేరు ఎక్కడో చివర కనబడుతుంది. 'హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్' అని ఉంటే కోకో వెన్నకి బదులు చౌక నూనె గడ్డ కట్టించి వేశారని అర్థం. మంచి రకం మిల్క్ చాక్లెట్టులో కూడా బరువులో సగం దాకా పంచదారే.

ఇక నీ రోజు లెక్క చూద్దాం. ఆ మూడూ మిల్క్ చాక్లెట్లే, కలిపి 36 గ్రాములనుకుంటే పంచదార 18, 20 గ్రాములు. కొట్లో కూర్చున్నదానివి, నాలుగు టీలైనా తాగుతావు. టీకి రెండు చెంచాలైతే రోజుకి 40 గ్రాములు. మొత్తం 60. పైన కలిపే పంచదార రోజుకి 25 గ్రాముల లోపు ఉంటే ఒంటికి మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. చాక్లెట్టు కంటే ముందు టీ సంగతి చూడాలి. ఈ వారం రెండు చెంచాలు ఒకటి చెయ్యి, వచ్చే నెలకి అరచెంచా. నాలుక పదిహేను రోజుల్లో అలవాటు పడుతుంది, నేను చేసి చూశాను కాబట్టి చెబుతున్నాను.

సీసాలు గల్లా పక్కన కాకుండా లేచి నాలుగడుగులేస్తే గాని అందని అరలో పెట్టు. నోరాడాలి, అది మనిషి నైజం. వేయించిన శనగలు గుప్పెడు డబ్బాలో పోసుకుని గల్లా దగ్గర ఉంచుకో. పరగడుపున 112 అంటే షుగరు ఇంకా కాదు, దాని ముంగిట్లో ఉన్నావు. ఒకసారి హెచ్‌బీఏ1సీ చేయించి, నడుం కొలుచుకో. ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

ప్రశ్న: షుగర్ ఫ్రీ చాక్లెట్టు ఎంతైనా తినొచ్చా? (చీపురుపల్లి)

జవాబు: తినకూడదు. పంచదార తీసి దాని బదులు మాల్టిటాల్ లాంటి తీపి వేస్తారు. అది పంచదారంత కాకపోయినా షుగరు పెంచుతుంది, ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి. కొవ్వూ కేలరీలూ ఎక్కడికీ పోవు. ఆ అట్ట మీద 'షుగర్ ఫ్రీ' అన్న అక్షరాలు చూసి ఒకటి తినేవాళ్లు మూడు తినడమే నేను చూసిన అసలు నష్టం.

ప్రశ్న: డాక్టరుగారూ, మాది ఉద్దానం. మా నాన్నగారికి 58 ఏళ్లు, కొబ్బరి రైతు. కిడ్నీ జబ్బు ఉంది. క్రియాటినిన్ 2.4, పొటాషియం 5.3. బీపీకి రెండు మందులు వాడుతున్నారు. విశాఖలో ఉండే మా బావ డార్క్ చాక్లెట్టు బీపీ తగ్గిస్తుందని డబ్బా తెచ్చి ఇచ్చాడు. పెట్టమంటారా? (కవిటి మండలం)

జవాబు: వద్దు బాబూ. ఈ ఉత్తరానికి మాత్రం నా జవాబులో 'అయితే', 'కానీ' లేవు. ఆ డబ్బా తీసి పక్కన పెట్టెయ్యి. కారణాలు చెబుతాను, మీ బావకి కూడా చదివి వినిపించు. అతను మంచి మనసుతోనే తెచ్చాడు.

కోకోకీ బీపీకీ సంబంధం ఉందన్న మాట పుట్టింది పనామా దేశంలో. అక్కడ సముద్రంలో చిన్న దీవుల మీద కూనా అనే ఆదివాసీలు ఉంటారు. వయసు పైబడినా వాళ్లలో బీపీ పెరగకపోవడం డాక్టర్లు గమనించారు. పట్నానికి వలస వచ్చిన కూనాల్లో మాత్రం అందరిలాగే పెరుగుతోంది. దీవుల్లో వాళ్లు రోజూ కోకో తాగుతారు, ఇంచుమించు శుద్ధి చెయ్యని చేదు కోకో. దాన్నిబట్టే పరీక్షలు మొదలయ్యాయి. 35 పరీక్షల్ని కలిపి కోక్రేన్ సంస్థ 2017లో లెక్క తీస్తే తేలిందేమిటంటే, ఫ్లేవనాల్స్ బాగా ఉన్న కోకోతో బీపీ సగటున రెండు పాయింట్ల లోపే తగ్గింది. మీ నాన్నగారి మందు ఒక్కటి తగ్గించేది దానికి ఎన్నో రెట్లు.

ఇటు నష్టం మాత్రం నిక్కచ్చిగా ఉంది. డార్క్ చాక్లెట్టు వంద గ్రాముల్లో 700 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది, ఫాస్ఫరస్ కూడా ఎక్కువే. పనిచేసే కిడ్నీ దాన్ని బయటకి తోసేస్తుంది. మీ నాన్నగారి కిడ్నీలు తొయ్యలేకపోతున్నాయనే కదా 5.3 ఉంది. బీపీకి వాడే టెల్మిసార్టన్, లోసార్టన్ లాంటి మందులు కూడా పొటాషియాన్ని కొంత పెంచుతాయి. అది మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఇంకొకటి, కోకోలో సీసం, కాడ్మియం కొద్దికొద్దిగా చేరుతుంటాయి. అమెరికాలో కన్జూమర్ రిపోర్ట్స్ అనే పత్రిక 2022లో 28 రకాల డార్క్ చాక్లెట్లు పరీక్షిస్తే అన్నింట్లోనూ ఈ రెండూ కనిపించాయి. కాడ్మియం మొదట దెబ్బతీసేది కిడ్నీనే. ఉద్దానంలో ఈ జబ్బుకి కారణం ఇదీ అని తేలకుండా ఇన్నేళ్లుగా ఎందరో మంచాన పడుతుంటే, ఆ కిడ్నీల మీద తెలిసి తెలిసి ఇంకో బరువు నేను పెట్టలేను.

చాక్లెట్టు కంటే నాకు మీ ఇంటి కొబ్బరిబొండాలంటేనే ఎక్కువ భయం. కొబ్బరి రైతు అన్నావు. తోటలోకెళ్తే రోజూ బొండాం కొట్టించుకు తాగడం అలవాటై ఉంటుంది. ఒక్క గ్లాసు నీళ్లలోనే 500 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. అది ఆపించు. ఉప్పు తగ్గించు, ముఖ్యంగా ఎండుచేపలూ ఆవకాయా. పలాస కిడ్నీ ఆసుపత్రికి వెళ్లినప్పుడు పొటాషియం రిపోర్టు పట్టుకుని, ఏ కూర ఎలా ఉడికించి నీళ్లు వార్చాలో ప్రత్యేకంగా అడిగి రాయించుకో. వాళ్లకి ఆ లెక్క మనకంటే బాగా తెలుసు.

ప్రశ్న: మేడమ్, మా అమ్మకి 71 ఏళ్లు. పదిహేనేళ్లుగా షుగరు, మెట్‌ఫార్మిన్ వాడుతుంది. ఈమధ్య హెచ్‌బీఏ1సీ 7.8. మా పిల్లల చాక్లెట్లు దొంగతనంగా తినేస్తోంది. తలగడ కింద కాగితాలు దొరికాయి. అడిగితే తినలేదంటుంది. నేను గట్టిగా అరిచాను, రెండు రోజులు అన్నం మానేసింది. ఏం చెయ్యమంటారు? (నరసన్నపేట)

జవాబు: అమ్మా, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి చదివాక లేచి వెళ్లి మా అమ్మ పెట్టె తెరిచాను.

మా అమ్మది ఆమదాలవలస. తనకీ షుగరే. కూతుర్నీ నేనే, డాక్టర్నీ నేనే. ఇంటికి వెళ్లినప్పుడల్లా ముందు గ్లూకోమీటరు తీసేదాన్ని, తరవాతే కుశలం అడిగేదాన్ని. అంకె ఎక్కువుంటే క్లినిక్కులో ఎవరినీ కేకలెయ్యనంతగా తనని కేకలేసేదాన్ని. తను పోయాక పెట్టె సర్దుతుంటే, పొందూరు ఖద్దరు చీర మడతల్లోంచి చాక్లెట్టు రేకులు రాలాయి. బంగారు రంగువి, వెండి రంగువి. ఒక్కోదాన్నీ గోరుతో గీసి గీసి ముడత లేకుండా చదును చేసి, ఒకే కొలతకి మడిచి పెట్టింది. అన్నీ కలిపి పద్నాలుగు. మనవలు సెలవులకి వచ్చినప్పుడు తనకీ ఒకటి ఇచ్చేవారట. నాకు తెలిస్తే తిడతానని తనూ చెప్పలేదు, పిల్లలతోనూ చెప్పనివ్వలేదు. పద్నాలుగు చాక్లెట్లు, నాకు తెలిసి రెండు మూడేళ్లలో తిన్నవి. వాటివల్ల తన షుగరు పెరిగింది లేదు. కానీ తను నా దగ్గర దాక్కుంది. ఆ రేకులు పారెయ్యలేక ఇప్పటికీ ఉంచాను.

కాబట్టి నువ్వు చెయ్యాల్సిన పని చెబుతాను. డెబ్బై దాటినవాళ్లకి, ముఖ్యంగా వేరే జబ్బులు కూడా ఉంటే, హెచ్‌బీఏ1సీ ఏడు లోపే ఉండాలని మేం పట్టుబట్టం. ఏడున్నర, ఎనిమిది దాకా ఫరవాలేదు. 7.8 అంటే ఇల్లు తగలబడిపోతున్నట్టు కాదు. చిన్న మిల్క్ చాక్లెట్టు ముక్క, పది గ్రాములది, ఉందనుకో. అందులో పంచదార అయిదారు గ్రాములు. రెండు చెంచాల టీలో ఉన్నదానికంటే తక్కువ, సంక్రాంతికి తినే ఒక్క పోకుండలో ఉన్న బెల్లంకంటే ఎంతో తక్కువ. కొవ్వు ఉంటుంది కాబట్టి రక్తంలోకి నిదానంగా ఎక్కుతుంది. అదే ముక్క రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక, నీ చేత్తో తీసి, పక్కన కూర్చుని తనకి పెట్టు. దాని బదులు సాయంత్రం టీతో తినే బిస్కట్లు మానిపించు, లేదా అన్నంలో ఒక ముద్ద తగ్గించు. ఈ మాట తనకి చెప్పే చెయ్యి, చాటున చెయ్యకు. చీకట్లో తినేవాళ్లు ఒకటితో ఆగరు, ఎందుకంటే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. రేపు మధ్యాహ్నం ఎలాగూ ఉందని తెలిస్తే రాత్రి పిల్లల డబ్బా దగ్గరకి వెళ్లే పని ఉండదు. పిల్లల డబ్బా కూడా పెద్దది కాకుండా చూడు, అది వాళ్లకీ మంచిదే.

తినలేదని చెప్పిన అబద్ధం గురించి మళ్లీ ఎత్తకు. ఆ రోజు అరిచినందుకు మాత్రం వెళ్లి కాస్త దగ్గర కూర్చో.

ప్రశ్న: అమ్మగారికి దండాలు. నేను శ్రీకాకుళం ఆమదాలవలస రోడ్డు మీద ఆటో నడుపుతాను. వయసు 50. షుగరుకి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడతాను. మద్దేనం తిండి ఆలస్యమైతే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. ఎవరో చెబితే ఆటోలో చాక్లెట్టు పెట్టుకుంటున్నాను. తిన్నా వెంటనే తగ్గట్లేదు. పోయిన నెల కళ్లు మసకబారి ఆటో పక్కకి ఆపేశాను. ఏటి చెయ్యాల? (శ్రీకాకుళం)

జవాబు: బాబూ, ఆపేశావు చూడు, అదే నిన్నూ నీ ఆటోలో ఉన్నవాళ్లనూ కాపాడింది. నీకు వచ్చింది షుగరు పడిపోవడం. 70 కంటే తగ్గితే ఇలాగే చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, కళ్లు తిరుగుతాయి, మాట తడబడుతుంది. ఇంకా తగ్గితే స్పృహ పోతుంది. దీనికి చాక్లెట్టు సరైన మందు కాదు. అందులో కొవ్వు కడుపులోంచి తీపిని త్వరగా కదలనివ్వదు. మామూలు రోజుల్లో అది మేలే, ఇందాక నరసన్నపేట అమ్మకి చెప్పాను. కానీ నీకు ఆ నిమిషంలో కావలసింది నిదానం కాదు, వేగం. పైగా కోకో వెన్న మన ఒంటి వేడికే కరుగుతుంది. మే నెలలో నీ ఆటో డ్యాష్‌బోర్డులో అది కాగితానికి అంటుకుపోయి ఉంటుంది. వణికే చేతులతో దాన్ని గీక్కుని ఎలా తింటావు?

ఇలా చెయ్యి. మూత గట్టిగా పట్టే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో గ్లూకోజు పొడి గానీ పంచదార గానీ పోసి, చెంచా కూడా అందులోనే పెట్టు. పక్కనే నీళ్ల సీసా. వణుకు మొదలవగానే ఆటో ఆపి, తాళం తీసేసి, మూడు నిండు చెంచాలు నీళ్లలో కలుపుకుని తాగు. అది సుమారు 15 గ్రాములవుతుంది. 15 నిమిషాలు ఆగు. తగ్గకపోతే మళ్లీ అంతే. తగ్గాక నాలుగు ఇడ్లీలో, అన్నమో, ఏదో ఒకటి తిను, లేకపోతే గంటకి మళ్లీ పడిపోతుంది. తగ్గాక కూడా వెంటనే హ్యాండిల్ పట్టుకోకు. బుర్ర పూర్తిగా తేరుకోవడానికి ఇంకో ముప్పావుగంట పడుతుంది. స్టాండులో నీ పక్క ఆటో అబ్బాయిలు ఇద్దరికైనా ఈ సంగతి చెప్పి ఉంచు. నువ్వు స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దని, 108కి ఫోన్ చెయ్యమని కూడా చెప్పు.

చోడి (రాగి) అంబలి ఒక సీసాలో పట్టుకెళ్లి పదకొండింటికి తాగే అలవాటు మీ నాన్నగారి రోజుల్లో ఉండేదేమో కనుక్కో. నువ్వూ అది మొదలుపెట్టు, బేరం ఉన్నా లేకపోయినా. షుగరు పడేసేది ఆ గ్లిమెపిరైడ్ మాత్రే. తిండి వేళ తప్పే పని చేసేవాళ్లకి దాని డోసు మార్చాలి, లేదా మాత్రే మార్చాలి. సొంతంగా మానెయ్యకు. వణుకు వచ్చిన తేదీ, వేళ, ఆ రోజు ఎప్పుడు తిన్నావో ఒక చీటీ మీద రాసుకుని ఈ వారంలోనే మీ డాక్టరుగారిని కలువు.